పెద్దత్త కాలి ముల్లు

మొన్న కర్నూలులో కొత్తగా పెట్టిన ఒక బట్టల అంగడి ముందర బోర్డు చూసినాను. 'ఒకే మాట, ఒకే ధర. బేరము లేదు' అని రాసినారు. చదివి, నడిబజారులో, నలుగురూ చూస్తాండంగనే పకపకా నవ్వినాను. మా ఇంటాయన చెయ్యి పట్టుకుని పక్కకు లాగి, "ఏమే, ఎండదెబ్బ తగిలిందా?" అన్నాడు.

"పెద్దత్త ఉండి ఈ బోర్డు చూసింటే ఎట్లుండేది?" అన్నాను.

ఆయన కూడా కాసేపు బోర్డు వైపు చూసినాడు. "ఆ బోర్డునే బేరమాడి ఇంటికి తెచ్చింటుంది, పొయ్యిలోకి పనికొస్తాదని" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాము. ఆమె పోయి రెండేండ్లయింది. ఆ రెండేండ్లలో ఆమె మాట తలుచుకుని నవ్వడం మాకదే మొదలు.

పెద్దత్త అంటే మా మామకు అక్క. పద్దెనిమిదేండ్లకే మొగుడు పోయి, పుట్టింటికి తిరిగొచ్చిన మనిషి. నేను కోడలినై ఆ ఇంట్లో అడుగుపెట్టేసరికి ఆమెకు నలబై ఐదు దాటినాయి. నుదురు ఖాళీ, చేతులు ఖాళీ, ఒంటి మీద ముతక తెల్లచీర. పేరు మాత్రం రాయను. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే, "నా పేరుతో నీకేం పని? నాతో పనుంటే చెప్పు" అని గదిమేది. మా వీధి వీధంతా ఆమెను పెద్దత్త అనే పిలిచేది, ఆమెకంటే పదేండ్లు పెద్ద ముసలోళ్లతో సహా.

ఇంకో సంగతి కూడా ముందే ఒప్పేసుకుంటాను. నేనేదైనా చెప్తాంటే మా ఇంటాయన పక్కనుంచి, "సగం తీసేసి వినండప్పా" అంటుంటాడు. మీరూ తీసేసుకోండి. పెద్దత్త గురించిన మాటలను బేరమాడకుండా కొంటే ఆమెకే నామర్దా.

ఇప్పటి పిల్లలకు చెప్తే నమ్మరు గానీ, ఆ రోజుల్లో కర్నూలుకు ఏటి అవతలి ఒడ్డు వేరే రాజ్యం. తుంగభద్ర దాటితే హైదరాబాదు రాజ్యం. నైజాము దొరతనం పోయినాక కూడా కొన్నేండ్లు వాళ్ల రూపాయి వాళ్లదే, వాళ్ల సుంకం వాళ్లదే. ఆ ఒడ్డున వారానికొకసారి సంత జరిగేది. గద్వాల దిక్కు నుంచి నేతగాళ్లు చీరలు మోసుకొచ్చి చాపల మీద పరిచేవాళ్లు. అవే చీరలు మా ఊరి అంగళ్లలోకి వస్తే ధరకు రెక్కలొచ్చేవి. అందుకని ఎండాకాలం పెండ్లిండ్ల దినాల్లో, ఏరు ఎండి మోకాటిలోతు పాయ ఒకటి మిగిలినప్పుడు, మా వీధి ఆడోళ్లం ఐదారుమందిమి కోడి కూసినాక బయలుదేరి, ఇసుకలో నడిచి అవతలికి పోయి, పొద్దు వాలేలోపల తిరిగొచ్చేవాళ్లం. జొన్నరొట్టెలు, వేరుశెనగ బుడ్డలు నూరిన ఊరుబిండి, ఎర్రగడ్డలు మూటలో. ముందర పెద్దత్త. ఎప్పుడూ ముందర పెద్దత్తే. ఆమె అడుగుల్లో అడుగులేస్తే ఇసుక కాలదని మా నమ్మకం. కాలేది, అది వేరే సంగతి.

ఆమె బేరం చూడాలంటే సంతలో ఎద్దులు కూడా మెడ తిప్పేవి. చీరల జోలికే పోయేది కాదు మొదట. నేతగాని చాప పక్కన కూలబడి, "దప్పికైతాంది నాయనా, రోంత నీళ్లిస్తావా?" అనేది. వాడు చెంబుతో ఇచ్చేవాడు. తాగేది. "నీళ్లిచ్చినాడంటే వాడు మన మనిషయిపోయినట్లే. మన మనిషి మన దగ్గర లాభం ఎట్ల తీసుకుంటాడే?" అని నాకు చెవిలో పాఠం. ఆ తర్వాత చీర తీసి ఎండకు పట్టి, ఒక కన్ను మూసి, నేసినోనికి కూడా కనపడని పోగు ఒకటి పట్టుకునేది. వాసన చూసేది. ఒకసారి ఒక చీరను వాసన చూసి, "దీన్ని నేసేటప్పుడు మీ ఇంట్లో కొట్లాట జరిగిందా నాయనా?" అని అడిగితే, ఆ నేతగాడు బిత్తరపోయి, "మీకెట్ల తెలుసమ్మా?" అన్నాడు.

ధర చెప్తే ఎదురు ధర చెప్పేది కాదు. గుండె మీద చెయ్యి పెట్టుకుని, "మీ అమ్మ బతికుండాదా నాయనా?" అనేది.

"ఉండాదమ్మా."

"నువ్వు ఈ ధర చెప్తాండావని ఆమెకు తెలుసా?"

అప్పటికి సగం పని అయిపోయేది. మిగతా సగం ముల్లుతో.

ముల్లంటే చెప్తాను. ధర ఇంకా దిగాలంటే పెద్దత్త చీర మడిచి చాప మీద పెట్టి, "నీ చీర చల్లగుండనీ" అని లేచి నడిచేది. ఏడడుగులు. ఎనిమిదో అడుగు వేయబోయి, "అబ్బా" అని ఆగేది. నా భుజం మీద చెయ్యేసి, ఎడమకాలు పైకెత్తి, అరికాలు తిప్పి వెతికేది. సంత నేల ఊడ్చిన వాకిలి మాదిరి ఉండేది. ఆమె అరికాలు చూస్తే ముల్లే భయపడి విరిగిపోతుంది. అయినా వెతికేది. ఎంతసేపంటే, నేతగానికి కోపం వచ్చి, ఆ కోపం చల్లారి, బోణీ పోతాదేమోనని దిగులు పుట్టి, చివరికి వాడే, "రామ్మా, రా, నీ మాటే కానీ" అని పిలిచేదాకా.

మొదటిసారి పోయినప్పుడు నాకేం తెలుసు? కొత్త కోడలిని. "యాడ పెద్దత్తా? సూది తెచ్చేదా?" అని వంగినాను. ఆమె నా వీపు మీద గిల్లి, పండ్ల సందులోనుంచి అనింది: "నోర్మూసుకోమ్మే. పిలిచేదాకా ముల్లు రాదు."

చీరలు కొన్నాక అసలు కథ. సంతకూ ఏటికీ మధ్య సుంకం నాకా ఉండేది. ఒక తడికల గుడిసె, అడ్డంగా ఒక వెదురు గడ, ఒక జవాను. కొత్త బట్ట ఒడ్డు దాటితే సుంకం. కట్టి విడిచిన బట్టకు లేదు. ఏది కొత్తది, ఏది పాతదని ఎట్ల తెలియాల? మనవాళ్లు కొత్త బట్ట కట్టుకునే ముందు మూలన ఇంత పసుపు పెడతారు గదా. పసుపు ఉంటే అది ఇంట్లోనుంచి వచ్చిన బట్టే అని జవాను లెక్క. ఆ లెక్క పట్టుకున్నది మా పెద్దత్త.

నాకాకు ముందే, సంత దిక్కున, ఎండిన వాగు వంక ఒకటి ఉండేది. వంకలో ఇసుక తవ్వితే చెలిమెలో నీళ్లూరేవి. అందరం ఆ చెలిమె చుట్టూ కూచుంటే, పెద్దత్త నడుములోనుంచి పసుపు పొట్లం తీసి, అరచేతిలో వేసుకుని, చెలిమె నీళ్లతో తడిపి, ఒక్కో చీరకు పెట్టేది. ఇంకెవ్వరినీ ముట్టనిచ్చేది కాదు. మా ఎదురింటామె ఒకసారి చెయ్యి పెట్టబోతే చురుక్కుమని కొట్టింది. "నువ్వు పెడితే ఇప్పుడే పెట్టినట్లు తెలుస్తాది. దీనికొక ఒడుపుండాది" అనింది. ఉంగరం వేలితో పెట్టేది. పెట్టి, ఆ వేలును వెంటనే తీసేది కాదు. బట్ట మీద అట్లనే రోంతసేపు ఆనించి పెట్టి, తర్వాత తీసేది.

ఆ చీరలు కట్టుకునే పెండ్లికూతుళ్లను ఆమె పెండ్లిలో చూసింది లేదు. మా ఇంట్లో గానీ వీధిలో గానీ పెండ్లంటే ఆమె వెనక కొట్టడిలో కూచుని కందిబేడలు ఏరుతా ఉండేది. పొమ్మని ఎవరూ అనలేదు. అనాల్సిన పని లేకుండా తనే లేచిపోయేది. పసుపు దంచే దినం పెరట్లోనుంచి లోపలికే వచ్చేది కాదు. అట్లాంటి మనిషి మా వీధి పెండ్లిచీరలన్నిటికీ తొలి పసుపు పెడతాంటే, అపశకునమని ఒక్కతె కూడా నోరెత్తలేదు. సుంకం ఎగ్గొట్టే పసుపుకు శాస్త్రం ఉండదని అనుకున్నామేమో. నేను మాత్రం అంతదూరం ఆలోచించలేదు. నాకా దాటితే చాలనుకునేదాన్ని.

జవాను సన్నగా, మీసం కూడా సరిగ్గా రాని సాయిబుల పిల్లోడు. మూటలు విప్పించి చూసేవాడు.

"అన్నీ పాతవేనా అమ్మా?"

"పసుపు కనపడతాండ్లేదా నాయనా?"

వాడు ముట్టుకుని వేలు చూసుకునేవాడు. "ఇంకా తడిగా ఉండాదే!"

"ఈ ఎండకు మాకు చెమట పడతాంటే చీరలకు పట్టదా?"

వాడు వెదురు గడ పైకెత్తేవాడు. నవ్వు ఆపుకోలేక మొహం అవతలికి తిప్పుకునేవాడు. వాని మూపు ఎగురుతాంటే వెనకనుంచి మాకు కనిపించేది. పెద్దత్త పోతా పోతా ఒక జొన్నరొట్టె వాని చేతిలో పెట్టేది. "లంచం కాదు నాయనా, మిగిలిపోయింది" అని.

ఇట్ల కొన్నేండ్లు నడిచింది. ఒక ఎండాకాలం పోయి చూస్తే నాకా లేదు. సుంకాలు ఎత్తేసినారంట. తడికలు ఎవరో పీక్కోని పోయినారు, గడ నాటిన గుంటలు రెండు మిగిలినాయి. పెద్దత్త ఆ గుంటల దగ్గర నిలబడి, "పాపం, ఆ పిల్లోడు ఇప్పుడు యాడుండాడో" అనింది. తిరిగొచ్చేటప్పుడు వంకలో మళ్లీ పసుపు పొట్లం తీసింది.

"ఇంకేం పనుండాది పెద్దత్తా? నాకా తీసేసినారు గదా" అని ఎదురింటామె నవ్వింది.

"మళ్లీ పెడతారంట. ఎవరో అంటాండారు."

"ఎవరు?"

"ఎవరో. నీకెందుకు? చీరియ్యి."

ఆమె ఇయ్యలేదు. చంకలో పెట్టుకుని నవ్వుతా లేచిపోయింది. పెద్దత్త నా చీర ఒక్కదానికే పెట్టి, మిగిలిన పసుపును చెలిమె నీళ్లలో కడిగేసుకుంది. ఆ తర్వాత ఊర్లోనే కొత్త అంగళ్లు వచ్చినాయి. ఆడోళ్లు ఒక్కొక్కరే ఏరు దాటడం మానేసినారు. చివరికి పెద్దత్త, నేను మిగిలినాము.

అట్లాంటప్పుడు సువార్తమ్మ వచ్చి అడిగింది. సువార్తమ్మ మా ఇంటికి బుడ్డలు వొలిచేదానికి వచ్చేది. క్రిస్తవుల పేటలో ఉండేది. వాకిట్లోనే కూచునేది, నీళ్లు పోస్తే దోసిలి పట్టి తాగేది, పొద్దస్తమానం బుడ్డలు చిట్లే చప్పుడే గానీ ఆమె గొంతు వినపడేది కాదు. ఆమె కూతురు రూతుకు డోనులో రైలు పని చేసే పిల్లోనితో పెండ్లి కుదిరింది. రెండు పంటకారులు బుడ్డలు వొలిచిన కూలి ఆ పిల్ల పెండ్లిచీర కోసమని దాచిపెట్టుకునింది.

"నాకు బేరం చేతగాదమ్మా. ఎంత చెప్తే అంత ఇచ్చేసొస్తా. మీరు రోంత తోడు రాండి" అనింది.

పెద్దత్త మొహం వెలిగింది. "ఏం రంగు కావాల?"

"తెల్లదమ్మా."

"పెండ్లికే?"

"మాకదే పద్ధతి. పిల్లోని తల్లి శానా కట్టుదిట్టమైన మనిషి. పసుపుతాడు కూడా వద్దు, గొలుసే వెయ్యాల అనింది. చీర మీద రంగు మచ్చ కనపడకూడదంట."

పెద్దత్త తన చీర వైపు ఒకసారి చూసుకునింది. "సరేలే. మీ పద్ధతి మీది" అనింది.

ఆ దినం బేరం నేను చూసిన బేరాల్లోకెల్లా పెద్దది. పాలనురుగు మాదిరి చీర, అంచున సన్నని జరీ గీత. నీళ్లు తాగింది, ఎండకు పట్టింది, వాళ్లమ్మ సంగతి అడిగింది, ఏడడుగులు నడిచి కాలెత్తింది. ఆ నేతగాడు ఎన్నో ఏండ్లుగా చూస్తాండాడు గదా, చాప మీద చెయ్యి ఆనించి తీరిగ్గా కూచుని, "దొరికిందా అమ్మా ముల్లు?" అని అడిగినాడు.

"ఇంకా లేదు నాయనా. లోపలికి దిగింది."

"నేను పిలిస్తే గానీ రాదేమో?"

"నీకే తెలుసు."

వాడు పడిపడి నవ్వి చీర మడిచిచ్చినాడు. సువార్తమ్మకు కండ్లలో నీళ్లొచ్చినాయి. అనుకున్న దాంట్లో ఇంకా మిగిలితే, ఆ మిగిలిన దుడ్లతో అల్లునికి ఒక తువ్వాలు కూడా తీసుకునింది.

వంక దగ్గర ఆగినాము. చెలిమె తవ్వి నీళ్లు తాగినాము. పెద్దత్త ఒళ్లో చీర పెట్టి, నేనూ సువార్తమ్మా కొంచెం అవతలికి పోయి, రాతి నీడలో రొట్టెల మూట విప్పుకున్నాము. వెనక్కి తిరిగి, "రా పెద్దత్తా, తిందాం" అని పిలిచినాను.

పెద్దత్త ఆ చీర చెంగు అరచేతి మీద పరుచుకుని, ఉంగరం వేలు దాని మీద ఆనించి కూచోనుంది.

సువార్తమ్మ నాకంటే ముందు పరిగెత్తింది. తెల్లటి చెంగు మూలన, తలమీదికొచ్చే చోట, రూపాయంత పసుపు.

"అమ్మా" అనింది సువార్తమ్మ. కోపంగా కాదు. "నాకా లేదు గదమ్మా."

పెద్దత్త వేలు తీసి చూసుకునింది. నిద్రలోనుంచి లేచిన మనిషి మాదిరి మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. గబగబా చెలిమె నీళ్లలో ముంచి రుద్దింది. రూపాయంత ఉండేది చెయ్యంత అయింది. సువార్తమ్మ మెల్లగా ఆమె చేతుల్లోనుంచి చీర తీసుకుని, పసుపు లోపలికి పోయేటట్లు మడిచి, గుండెలకు ఆనించుకుని నడిచింది.   ఇసుకలో ఆమె ముందర, నేను ఆమె వెనక, పెద్దత్త నా వెనక. ఆమె నా వెనక నడవడం నేనెరుగుదునా? రెండుసార్లు తిరిగి చూసినాను, వస్తాందా లేదా అని.

ఇవతలి ఒడ్డు ఎక్కినాక పెద్దత్త చెయ్యి చాపింది. "ఇట్లియ్యి సువార్తమ్మా. ఎట్లుండిందో అట్ల చేసిస్తా."

"పెండ్లి ఇంక వారమే ఉండాదమ్మా. ఇంకోటి కొనే శక్తి నాకు లేదు."

"నేను కొనిస్తాననడం లేదు. ఇదే ఇస్తా" అనింది పెద్దత్త. సువార్తమ్మ ఇచ్చింది.

ఇక్కడ నేను చేసిన ఘనకార్యం కూడా చెప్పాల. ఆమె కాళ్లు కడుక్కునేలోపల నేను తెలివి జేసి ఆ మచ్చకు బట్టల సబ్బు పట్టించినాను. పసుపుకు సబ్బు తగిలితే ఏమైతాదో మీకు తెలిసే ఉంటుంది, నాకు ఆ పొద్దు తెలిసింది. కుంకుమ మాదిరి ఎర్రగా అయింది. తెల్లచీర మీద ఎర్రటి మచ్చ. పెద్దత్త వచ్చి చూసి, తిట్టలేదు. "నువ్వు దానికి బొట్టు కూడా పెడితివా" అని మాత్రం అనింది.

మర్నాడు పొద్దున్నే చీర తీసుకుని మిద్దె ఎక్కింది. నిమ్మకాయ పిండి, ఎండకు పరిచి, పక్కనే కూచుంది. మా ఊర్లో ఊరికే దొరికేది, ఎంత వాడినా తరగనిది ఒకటే ఉండాది, అది ఎండ. ఆ వారం ఎండకు కాకులు ఎగరడం మాని గోడనీడల్లో నడిచి పోయినాయంటే, దాంట్లో మీరు కావాలంటే సగం తీసేసుకోండి. ఆరితే తడిపేది, తడిపి మళ్లీ పరిచేది. ఎర్రది మళ్లీ పసుపయింది. పసుపు కొంచెం పాలిపోయింది. నేను మజ్జిగ తీసుకుని పైకి పోయినాను.

"దిగు పెద్దత్తా. దానంతటది ఎండుతుంది లే. నువ్వు కూచుంటే ఎండ పెరుగుతుందా?"

"కాకి రెట్టేస్తే?"

"ఆ కాకులు నడిచి మెట్లెక్కి రావాల."

నవ్వలేదు. మజ్జిగ తాగి, చెంబు పక్కన పెట్టి, చీర మీద చెయ్యి వేసింది. "ఆ పిల్లకు ఎన్నేండ్లు?"

"పద్దెనిమిదంట."

"నాకు ఇట్లాంటిది కట్టించినప్పుడు నాకూ పద్దెనిమిదే." ఆరిన చెంగు మీద నీళ్లు చిలకరించింది. "ఒళ్లో పెట్టుకోనుంటి. పెండ్లి చేసుకునే పిల్ల గదా అనుకుంటి. ఉట్టి తెల్లగా పంపను చేతులు రాలేదే. నాకా సంగతి నేను తలుచుకోనేలేదు."

అప్పుడు అర్థమయింది నాకు, ఇన్నేండ్లూ ఆ వేలు బట్ట మీద అంతసేపు ఎందుకు ఆగేదో. ఇంకో నిమ్మకాయ తెచ్చి, కోసి, ఆమె పక్కనే కూచుని మచ్చ మీద పిండినాను.  

నాలుగో దినం మధ్యాహ్నం సువార్తమ్మ వచ్చింది. వాకిట్లో ఎవరూ లేకపోతే, తలెత్తి మిద్దె వైపు చూసి, మెట్లెక్కి వచ్చింది. అన్నేండ్లుగా మా ఇంటికి వస్తాన్నా ఆమె ఆ మెట్లెక్కడం అదే మొదలు. పెద్దత్త మొహం ఎండకు మాడి, పెదవులు పగిలి ఉన్నాయి. సువార్తమ్మను చూస్తానే చీరకు అడ్డంగా జరిగింది.

"ఇంకో రెండు దినాలియ్యి. పాల మాదిరి చేసిస్తా."

సువార్తమ్మ వంగి చెంగు తీసి చూసింది. బొటనవేలి గోరంత మచ్చ మిగిలుంది, లేత మొగిలిరేకు రంగులో. చూసి, చీర మడవడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తాండావే? ఇంకా పోలేదు."

"చాల్లేమ్మా. ఇంత ఉండనీండి."

"ఆ డోనామె ఒప్పుకుంటుందా? పెండ్లి చెడిపోతే?"

"అడిగితే చెప్తా. మా పెద్దమ్మ పెట్టిందని చెప్తా." మడిచి చంకలో పెట్టుకుని, పెద్దత్తను చెయ్యి పట్టి లేపింది. "మీరు పెండ్లికి రావాల."

"నేను పెండ్లిండ్లకు పోను గదే."

"మీ పెండ్లిండ్లకు పోరు. మా పెండ్లికి రాండి."

పెండ్లి దినం పొద్దున పెద్దత్త ఉతికి ఎండేసిన తన ముతక తెల్లచీర కట్టుకుని వాకిట్లోకి వచ్చి నిలబడింది. మా మామ చూసినాడు. చెంబు తీసుకుని పెరట్లోకి పోయినాడు. నోరు తెరిస్తే బేరం మొదలైతాదని ఆయన భయం.

క్రిస్తవుల పేటలో రాతి గుడి. వాకిలంతా ఊడ్చి, నీళ్లు చల్లి, తలుపు దాకా ఈతచాపలు పరిచినారు. నేను గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, ఒక కాలు లోపల పెట్టి వెనక్కి చూసినాను. పెద్దత్త చాప మీద ఆగిపోయి ఉంది. గోడకు చెయ్యి ఆనించి, ఎడమకాలు పైకెత్తి, అరికాలు తిప్పి వెతుక్కుంటాంది.

నేను వెనక్కి పోయి, ఆమె చెయ్యి గోడ మీదనుంచి తీసి నా భుజం మీద వేసుకున్నాను. ముల్లెక్కడని అడగలేదు. నోరు మూసుకుని నిలబడినాను. ఎంతసేపు? దీంట్లో మాత్రం ఏమీ తీసేయొద్దు: లోపల ఒక పాట మొదలై, అయిపోయి, ఇంకో పాట మొదలైంది. మా పక్కనుంచి వచ్చేవాళ్లు వస్తాండారు, లోపలికి పోతాండారు. ఆమె ఇంకా వెతుకుతానే ఉంది. 

అప్పుడు సువార్తమ్మ లోపలినుంచి పరిగెత్తుకుంటా బయటికొచ్చింది.

"ఈడ నిలబడుకున్నారేందమ్మా? పిల్లోని తల్లి మచ్చ చూసింది."

పెద్దత్త తలెత్తింది. "ఏమనింది?"

"ఇదేందని అడిగింది. మా పెద్దమ్మ పెట్టిందంటి. ఆ పెద్దమ్మ యాడుండాదో చూపించు, నేను మాట్లాడాల అంటాంది. రాండమ్మా, రాండి. మీరొస్తే గానీ కాదు."

పెద్దత్త కాలు కింద పెట్టింది. నేలకు ఒకసారి గట్టిగా ఆనించి చూసుకుంది. కొంగు నడుముకు బిగించి, నా వైపు తిరిగింది.

"వచ్చేసింది లేమ్మే" అని, ఎప్పటి మాదిరే నాకంటే ముందు నడిచింది.